పుస్తహా అంటే మన పుస్తకమే



మా నాయన చేతిరాత నోటు పుస్తకం ఒకటి నా పెట్టెలో నలభై ఏళ్లుగా ఉంది. నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గాని, రిటైరయ్యేదాకా నాకు తెలుగు అక్షరం రాదు. రైల్వే గుమాస్తాగా ఎన్నో రిజిస్టర్లు తిరగేశాను. ఆ నోటు పుస్తకం మాత్రం అలాగే ఉండిపోయింది.

పోయిన నెల ఫోన్లో లండన్ బ్రిటిష్ లైబ్రరీ వాళ్లు పెట్టిన బొమ్మలు చూశాను. ఇండోనేషియాలో, ఉత్తర సుమత్రాలోని బతక్ జనం చెట్టు బెరడు మీద రాసిన పుస్తకాలవి. వాళ్లు వాటిని 'పుస్తహా' అంటారు. మన పుస్తకం అనే సంస్కృత మాటే అక్కడ అలా మారింది.

అగరు జాతి చెట్టు ఒకటుంది, అక్కడ దాన్ని అలిమ్ అంటారు. దాని లోపలి బెరడును పొడుగ్గా ఒలిచి, నునుపు చేసి, హార్మోనియం తిత్తిలా మడతలు పెట్టేవారు. అటూ ఇటూ చెక్క అట్టలు. కొన్ని అట్టల మీద బల్లి బొమ్మ చెక్కి ఉంటుంది. నల్ల సిరాతో ఎడమ నుంచి కుడికి రాసేవారు. ఆ లిపీ మన తెలుగు, తమిళ లిపుల్లాగే బ్రాహ్మి నుంచి వచ్చిందే.

రాసేవాణ్ణి దాతు అంటారు. మందులు, మంత్రాలు, మంచిరోజులు తెలిసినవాడు. చాలా పుస్తహాల మొదట్లో ఈ విద్య ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గురువుల పేర్లు వరుసగా ఉంటాయి. భాష కూడా ఇంటి భాష కాదు, పాఠం చెప్పే పాత భాష. పక్కన గురువు ఉండి విప్పి చెప్పాలి. 19వ శతాబ్దంలో జర్మన్ మిషనరీలు వచ్చాక దాతుల విద్య తగ్గిపోయింది. చాలా పుస్తహాలు యూరప్ మ్యూజియంలకు చేరాయి. బెరడు నిలిచింది, చెప్పేవాళ్లు కరువయ్యారు.

అది చదివిన రాత్రే పెట్టె తెరిచాను. సంఘం ఆదివారం తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని చదివాను. మొదటి పేజీలో మా తాత, ముత్తాతల పేర్లు వరుసగా ఉన్నాయి. మూడో పేరు పక్కన 'గుడి బాకీ' అని ఉంది. ఏ గుడి? ఏం బాకీ? మా మేనత్తకు తెలిసుండేది. ఆమె పోయి ఏడాదైంది.

మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఇప్పుడే చదివించుకోండి. నా రాతలో తప్పులుంటే దిద్దండి.