మాల ఉన్నన్ని దినాలు

తిథులు అటూ ఇటూ జరగకపోతే, చైత్ర పౌర్ణమి నాడు మాల వేసుకున్నవాడికి వైశాఖ బహుళ దశమి సరిగ్గా 41వ రోజు. అది చిన్న హనుమాన్ జయంతి, ఇది పెద్ద జయంతి. ఈ లెక్క కట్టిన పెద్దలెవరో గాని కరీంనగర్ ఎండలను చూసి కట్టలేదు. తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచే రోజులు కావవి. పెళ్లిళ్లు అప్పుడే, దావత్‌లు అప్పుడే, తాటికల్లు దిగేదీ అప్పుడే. మనిషి దేనిదేనికి లొంగుతాడో అన్నీ ముంగిట పరిచి, ఒక్కటీ ముట్టొద్దని చెప్పినట్టుంటుంది హనుమాన్ దీక్ష.

డిగ్రీ చదివే వయసులో కొన్ని వేసవులు నేను దీక్ష చేయడమే కాదు, చేయించే పనిలోనూ ఉన్నాను. గుడి వెనక రేకుల షెడ్డే మా పీఠం. గురుస్వామి మాటకు ఎదురు లేదు. కొండగట్టు ఆంజనేయస్వామి దేవస్థానం పెట్టని నియమాలు కూడా ఆయన పెట్టేవారు. తెల్లవారుజామున చన్నీళ్లు, ఒంటిపూట భిక్ష, నేల మీద చాప అందరికీ ఉన్నవే. మాలాంటి సేవకులకు అవి చాలవు. పీఠం వదిలి ఇంటికి పోకూడదు, సినిమా పేరెత్తకూడదు, ఎక్కడికైనా ఇద్దరిద్దరుగానే పోవాలి. జీతం లేదు, బత్తెం లేదు, బస్సు కిరాయి కూడా మా జేబులోదే. ఆ వయసులో అదంతా ఎంత గొప్పగా ఉండేదో ఇప్పుడు చెప్తే పిల్లలు నవ్వుతారు.

మల్యాల, కొడిమ్యాల, గంగాధర వైపు ఊళ్లన్నీ తిరిగేవాళ్లం. గడప ముందు చెప్పాల్సిన కథ ఒకటే. సుమారు మూడు వందల ఏళ్ల కిందట సింగం సంజీవుడనే ఆవుల కాపరి కొండగట్టు గుట్టల్లో తప్పిపోయిన ఆవును వెతికి వెతికి, అలసి చింతచెట్టు కింద ఒరిగాడు. స్వామి కలలో కనబడి, నేనిక్కడ కోరంద పొదలో ఉన్నాను, ఎండావానల నుంచి, ముళ్ల నుంచి నన్ను కాపాడు, నీ ఆవు అదిగో అని చెప్పాడు. ఒక పక్క ఆంజనేయుడి ముఖం, ఒక పక్క నరసింహుడి ముఖం ఉన్న విగ్రహం దొరికింది. మేమీ కథను గొంతు వణికించి చెప్పేవాళ్లం. ఒక ఊళ్లో గొర్లకాపరి ముసలాయన చివరిదాకా విని, "దేవుడు మంచోడే బిడ్డా, ముందుగాల ఆవు జాడ చెప్పిండు" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం గాని, ఆయనకు అర్థమైనంత మాకు కాలేదు.

ఎందుకంటే దైవం గురించి, ముక్తి గురించి మమ్మల్ని అడిగినవాళ్లు దాదాపు లేరు. "గుట్కా నడుస్తదా స్వామీ?" "నైట్ డ్యూటీ ఉంటె చన్నీళ్లు ఎట్ల?" "దుబాయి వీసా వచ్చెదాక మాల ఉంచుకోవచ్చా?" ఇవీ ప్రశ్నలు. జవాబులన్నీ గురుస్వామి మాకు బట్టీ పట్టించారు. జవాబు లేని ప్రశ్న ఒక్కటే ఎదురైంది, అదీ బీడీలు చుట్టే ఒక ఇల్లాలి నుంచి. అరుగు మీద ఒడిలో చాట పెట్టుకుని, చేతులు ఆపకుండానే మా మాటలు వింది. పెనిమిటి హమాలీ. కూలి పైసలు ఇంటికి రాకముందే బెల్టు షాపులో పడిపోతాయి.

"గా మాల ఎన్ని దినాలుంటది బిడ్డా?"

"నలభై ఒకటి, అక్కా."

"ఏడాది పొడుగు ఉండేది లేదా?"

నాతో ఉన్న స్వామి చాలీసా మహిమ చెప్పబోయాడు. ఆమె ఆకు కత్తిరించుకుంటూ, "ముందుగాల గా నలభై దినాలైతె ఏయుండ్రి" అంది.

వేశాం. ఆ వేసవంతా నేను చూసింది భక్తిని కాదు, ఊరిని. తాగుడు మానుతానంటే ఊరు ఎవణ్నీ నమ్మదు. "ఏందిరా, పెద్దోనివైనవా?" అని గ్లాసు చేతిలో పెడుతుంది. దోస్తానా తెగుతుందనే భయంతో సగం మంది తాగుతారు. అదే మనిషి మెడలో మాల పడగానే ఆ దోస్తులే గ్లాసులు పక్కకు జరిపి కూర్చోమని చోటిస్తారు. పెళ్లి దావత్‌లో ఎవరైనా పొరపాటున పిలిస్తే, పక్కవాడే "మాలల ఉండు, ఆగు" అని అడ్డుపడతాడు. ఏడాదంతా పేరుకు 'గాడు' తగిలించి పిలిచే పటేలు కూడా స్వామీ అని పిలవక తప్పదు. హమాలీ మనసులో ఏం మారిందో నాకు తెలియదు. అతని చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం మారారు. కాషాయ బట్ట అతన్ని కట్టేసినదానికన్నా ఊరిని ఎక్కువ కట్టేసింది.

అమెరికాలో మోర్మన్ చర్చి కుర్రాళ్లు రెండేళ్లు మతప్రచారానికి వెళ్తారని చాలా కాలం తరువాత చదివాను. 2012 నుంచి పద్దెనిమిదేళ్లకే పోవచ్చు. ఇద్దరిద్దరుగా తిరగాలి, తెల్లచొక్కా, ఛాతీ మీద పేరుబిళ్ల, ఖర్చు సొంతం. 2019 దాకా క్రిస్మస్‌కు, మదర్స్ డేకు తప్ప ఇంటికి ఫోన్ చేయడం కూడా లేదు. మా షెడ్డు గుర్తొచ్చింది. ఆ పేరుబిళ్ల తలుపు తీసేవాళ్ల కోసమని అంతా అనుకుంటారు. నాకైతే అది ఆ పిల్లగాడి కోసమే అనిపిస్తుంది. ఊరుగాని ఊరిలో బిళ్ల పెట్టుకున్నవాడు ఏ బారు మెట్లెక్కగలడు?

అయితే కట్టుబాటు గాలిలో నిలబడదు, ఎవరో ఒకరు మోయాలి. పీఠంలో ఈ మాట ఎన్నడూ రాలేదు. ఇంట్లో ఉండి దీక్ష చేసే స్వామికి ఇల్లాలు పొద్దు పొడవకముందే తలస్నానం చేసి వండాలి. గిన్నెలు వేరు, పొయ్యి దగ్గర మడి వేరు. నెలసరి వస్తే ఆమె తల్లిగారింటికో పక్కింటికో పోవాలి, పోలేకపోతే స్వామి అలుగుతాడు. తాగినన్నాళ్లు తిట్టినవాడు, మాల వేసుకున్నాక శుద్ధి లేదని తిట్టిన ఇళ్లూ నేను చూశాను. ఇంత పనికి ఆమె మెడలో మాల లేదు, ఆమెను స్వామీ అన్నవారూ లేరు. కఠిన నియమాన్ని మెచ్చుకునే ముందు, ఆ ఇంట్లో నీళ్లు తోడేదెవరో చూడాలని నాకు ఏ గురువూ చెప్పలేదు. ఆ ఆడవాళ్ల మొఖాలే చెప్పాయి.

దీక్ష విరమణ రోజు కొండగట్టు మీద ఇసుక వేస్తే రాలదు. కోనేటి దగ్గర తోపులాట, తలనీలాల దగ్గర వరుస, కోతుల గోల, జై శ్రీరామ్‌లు. మాల తీసి కిందికి దిగినవాళ్లలో కొందరు ఆ సాయంత్రమే తాగేవారు. గురుస్వామికి అది గుండెకోత. మా ప్రచారంలో లోపం ఉందని, వచ్చే ఏడు నియమం ఇంకా బిగించాలని అనేవారు. మేమూ తలలూపేవాళ్లం. ఇరవై ఏళ్లవాడికి లోకం ఒక్కసారే, ఎప్పటికీ మారిపోవాలి మరి.

హమాలీ కూడా తాగాడు. దసరాకు ముందు వాళ్ల ఊరికి చందాకు పోయినప్పుడు ఆ అక్క అరుగు మీదే కనబడింది. నేను ఓదార్పు మాటలు కూడబలుక్కుంటుంటే, ఆమె కాళ్లు చాపి వెండి పట్టీలు చూపించింది. మాల ఉన్నన్ని దినాల కూలి చేతికొస్తే సేటు దగ్గర కుదువ విడిపించిందట. "మల్ల ఎండకాలం ఎప్పుడు ఏస్తరు?" అని అడిగింది. ఆమె లెక్కలో దీక్ష ఓడిపోలేదు. నలభై ఒక్క రోజులకు ఎంత రావాలో అంత వచ్చింది. జీవితాంతం అన్న మాట మాదే, ఆమె ఎన్నడూ నమ్మలేదు. ఆ తరువాత గడపల ముందు ఆ మాట ఎత్తడం మానేశాను. "ఇన్ని దినాలు, ఇవీ పనులు" అని చెప్పి ఊరుకునేవాణ్ని. అలా చెప్తేనే ఎక్కువమంది వచ్చారు.

పీఠం వదిలి చాలా ఏళ్లయింది. దేవుడితో నా సంబంధం ఇప్పుడు శనివారం కొబ్బరికాయ వరకే. అయినా మాల మాటొస్తే చుట్టాలు నన్నే అడుగుతారు. ఈమధ్య మేనల్లుడు జగిత్యాల నుంచి ఫోన్ చేశాడు. మండల దీక్ష వేసుకుంటాడట, మంచి రోజు చూడమన్నాడు. ఫోన్ కోడలికి ఇవ్వమన్నాను. కాసేపు మొహమాటపడి, "పదకొండు దినాలది ఏపియ్యి మామా, చిన్న పిలగానితోని నలభై దినాలు నాతోని కాదు" అంది. పదకొండు రోజులదే వేయించాం. నీళ్లు తనే తోడుకోవాలన్నది వాడి నియమాల్లో మొదటిది. మా గురుస్వామి ఉంటే ఒప్పుకునేవారు కాదు.