దరీభాషలో ‘మా’

వ్యాకరణమన్నంతనే పుట త్రిప్పివేయవలదని ముందుగా ప్రార్థించుచున్నాము. మేము చెప్పబోవునవి సూత్రములు కావు. నేను, నీవు, ఆమె, మేము అను చిన్నమాటలు. ఇవి లేనిదే యింటిలో పనియు సాగదు, పోరును సాగదు.

అఫ్గనిస్థానమున వాడుకలోనున్న ఫారసీకి దరీ యని పేరు. 1964వ సంవత్సరపు రాజ్యాంగము పష్తోతోపాటు దీనిని ఈ పేరుతోనే అధికారభాషగా పేర్కొనెను. ఫారసీ మనకు బొత్తిగా పరాయిది కాదు. గోలకొండ, హైదరాబాదు దర్బారులలో చిరకాలము నడచి, రోజు, కాగితము, బజారు, పరదా మొదలగు మాటలను మన యిండ్లలో విడిచినది. కాని వస్తువుల పేళ్లు వచ్చినంత సులువుగా సర్వనామములు ఒక భాషనుండి మరియొక భాషకు రావు. వానిని పనిగట్టుకొని నేర్వవలసినదే. హైదరాబాదులో మా వీధిని కాపురమున్న కాబూలు యువతి యొకతె మా మువ్వురకును వారమునకు రెండు మధ్యాహ్నములు దరీ నేర్పుచున్నది. ఆమె పేరిచ్చట వ్రాయము. కారణము ముందు తెలియగలదు.

మొదటిదినముననే మమ్ము నిలువబెట్టిన మాట ‘ఊ’. ఆయన యన్నను ఊ, ఆమె యన్నను ఊ. ‘ఊ ఆమద్’ అనగా అతడు వచ్చెననియు నగును, ఆమె వచ్చెననియు నగును. వచ్చినది తమ్ముడో మరదలో ముందువెనుకల మాటలనుబట్టి తెలిసికొనవలెను. మన గ్రంథభాషలో ‘వచ్చెను’ అను క్రియకు నీ గుణము కలదు గాని, వర్తమానమునకు వచ్చునప్పటికి గుట్టు బయటపడును. పురుషుడు వచ్చుచున్నాడు, స్త్రీ వచ్చుచున్నది, ఆవును వచ్చుచున్నది. ఏకవచనమున మన జత ఆవుతోనే! ఈ సంగతి చెప్పగా మా యుపాధ్యాయిని, “మరి యిద్దరు స్త్రీలు వచ్చినచో?” అని యడిగెను. ఇద్దరైనచో పురుషులతో సమానముగా ‘వచ్చుచున్నారు’ అందుమంటిమి. “అట్లయిన ఖాలా జాన్, మీరెప్పుడును ఒంటరిగా బయలుదేరకుడు” అని యామె నవ్వెను. ఖాలా యనగా పిన్నియని హైదరాబాదు వారికి వేరుగ చెప్పనక్కరలేదు. జాన్ అనునది ముద్దుమాట.

‘ఊ’లో భేదము లేనంతమాత్రాన ఆ దేశమున స్త్రీపురుషులకు భేదము లేదని యెవరును ఎంచరాదు. భాషను చూచి బ్రతుకును లెక్కకట్టుట ఎంత పొరపాటో ఈ యొక్క యక్షరము చాలును.

తక్కినవి త్వరగానే పట్టువడెను. ‘తు’ అనగా నీవు, ‘షుమా’ అనగా మీరు. పెద్దవారు ఒక్కరైనను షుమాయే. ఎదుట లేని పెద్దలను, మన ‘వారు’ వలెనే, ‘ఏషాన్’ అందురు. క్రియ చివర ప్రత్యయ ముండుటచే సర్వనామమును విడిచిపెట్టవచ్చును: ‘మేరవమ్’ పోవుచున్నాను, ‘మేరవేమ్’ పోవుచున్నాము. ఇరానువారు ఈ యేకారములను ఈకారములుగా పలుకుదురు; కాబూలువారు పాత ఏకారమును కాపాడుకొనిరి. వారి లిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయరు గనుక, మేము ఉచ్చారణనంతయు తెలుగక్షరములలో వ్రాసికొంటిమి.

‘మన్’ అనగా నేను. ఈ మాట నేర్పునప్పుడామె మౌలానా జలాలుద్దీనుగారి మస్నవీలోని కథ యొకటి చెప్పెను. లోకము రూమీ యను నీ మహాకవిని అఫ్గనులు బల్ఖీ యందురు. ఒకడు మిత్రుని తలుపు తట్టెను. ఎవరని లోపలినుండి యడుగగా ‘నేను’ అనెను. తలుపు తెరువలేదు. ఏడాది యెడబాటున వేగి మరల వచ్చి, ఈసారి ‘నీవే’ అనెను. అప్పుడు లోనికి రానిచ్చిరి. వేదాంతార్థము పెద్దలు చెప్పుకొందురు గాక. అత్తవారింట మెలగిన కోడండ్రకు ఈ కథ క్రొత్తగాదని మాలో నొకరనిరి.

వింత యేమనగా, దరీలో ‘మన్’ నేను, ‘మా’ మేము. తెలుగున ‘మన’ వినువారిని గూడ కలుపుకొనును, ‘మా’ వారిని వెలిపెట్టును. ‘కితాబె మన్’ అని యామె యనినప్పుడెల్ల మన పుస్తకమని చెవికి తోచెడిది. అది యామె యొక్కతెదే. భాషాకుటుంబములే వేరు గనుక ఇది కాకతాళీయము. మఱియు కాబూలు వాడుకలో ‘మన్’ చివరి నకారము జారి ‘మ’ యని మిగులును. అంతట ఒక్కతెకును పదిమందికిని నడుమ దీర్ఘ మొక్కటే యడ్డు.

సర్వనామము నామమునకు తోకవలె అంటుకొనుటయు కలదు. ‘నామ్’ అనగా పేరు. ‘నామమ్’ నా పేరు, ‘నామత్’ నీ పేరు, ‘నామష్’ అతని పేరు లేక ఆమె పేరు. వ్రాతలో ఈ ‘నా’ యనునది ఒక్క మీమ్ అక్షరము. ఈ యక్షరమునకు చరిత్ర గలదు. ఆ దేశమున అనేక కుటుంబములలో స్త్రీ పేరును పరులయెదుట పలుకరు. భార్యను ‘పిల్లల తల్లి’ యందురు. మన పూర్వపుటిల్లాండ్రు భర్తపేరు చెప్పక ‘మావారు’ అనెడివారు. కాని ఆయన పేరు పత్రములపై భద్రముగనే యుండెడిది. అక్కడ స్త్రీ పేరు పెండ్లిపత్రికపైనను, సమాధిశిలపైనను గూడ లేకపోవుట కలదు. 2017లో హెరాతు నగరవాసిని లాలె ఉస్మానీయు మరికొందరు స్త్రీలును ‘నామమ్ కుజాస్త్?’—నా పేరెక్కడ?—అను నుద్యమమును లేవదీసిరి. 2020 సెప్టెంబరులో గుర్తింపుపత్రముపై తల్లిపేరు గూడ చేర్చుటకు చట్టము సవరింపబడెను. మరుసటి యేట ఆగస్టులో తాలిబానులు అధికారమునకు వచ్చిరి. ఆ సెప్టెంబరునుండి ఆరవతరగతికి పైబడిన బాలికలకు బడులు మూతవడెను; 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయములును.

మా యుపాధ్యాయిని పేరు వ్రాయకుండుట పాత యాచారముచే గాదు. ఆమె చెల్లెలు కాబూలులో నున్నది, ఆరవతరగతితో చదువాగినది. అక్క ఆ పిల్లకు ప్రతిదినము ఫోనులో పాఠము చెప్పుచున్నది. అందుచేత వ్రాయవలదని ఆమెయే కోరెను. పేరెక్కడ అని యడిగినవారి కథ చెప్పుచు ఒక పేరును మేమే దాచవలసివచ్చుట మాకు కష్టముగనే యున్నది.

ఒకనాడు మా పాఠము నడుమ ఆ చెల్లెలినుండి ఫోను వచ్చెను. ఏమి చేయుచున్నావని యడిగినది కాబోలు, అక్క ‘మా దర్స్ మేఖానేమ్’ అనెను—పాఠము చదువుచున్నాము అని. తరువాత మేమడిగితిమి: ఈ ‘మా’లో చెల్లెలున్నదా, లేదా? ఉన్నచో మనము, లేనిచో మేము. దరీలో ఆ భేదము లేదు. ఆమె కొంతసేపాలోచించి, “నేనన్నప్పుడు అది యొక్కటే. మీరడిగిన తరువాత రెండైనది” అనెను. అందరినని గట్టిగా చెప్పవలెనన్న ‘హమయె మా’ అనవచ్చునట. ఆ యందరిలో ఎవరెవరున్నారో అదియు చెప్పదు.

తెలుగునకు గల యీ సూక్ష్మత మాకు మొదట గర్వకారణమే యయ్యెను. కాని రెండు మాటలున్నచోట ఒకటి యెంచుకొనక తప్పదు. ఆ యక్క తెలుగున పలికియుండినచో, మేము అనిన ఆ పిల్ల వెలిపడును. మనము అనిన, బడిలేని పిల్లను బడిలో కూర్చుండబెట్టిన యబద్ధమగును. ‘మా’ యనుటచే ఆమెకు ఆ బాధ తప్పినది.

మరుసటి వారము మేము మువ్వురమును, వచ్చిన కొలది దరీతో, ఆ చెల్లెలితో మాటాడితిమి. మీ భాషలో ‘మా’ను ఏమందురని యామె యడుగగా రెండుమాటలును చెప్పితిమి. ‘మనము’ విన్నంతనే పక్కున నవ్వెను. దరీలో ‘మనమ్’ అనగా ‘నేనే’ యట. తలుపు తట్టినవారిని ‘కీస్త్?’ అని లోపలివా రడుగగా బయటివారు పలుకుమాట. చివర ఉకారమున్నదని మేమెంత చెప్పినను ఆ పిల్ల వినలేదు. “మనమ్, ఖాలా జాన్, మనమ్” అనుచునే యుండెను.