ఇంట్లోనే ఉండే మనిషి

కువైట్‌లో మన కుటుంబాలు నాలుగు ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి పనిమనిషి దగ్గరకొచ్చి ఆగుతుంది. "మీకేమండీ, ఇంట్లోనే ఉండే మనిషి దొరికింది, అదృష్టవంతులు!" అని మమ్మల్ని అన్నవాళ్లు చాలామంది. ఆ అదృష్టంలోని మంచీ చెడూ ఆరేళ్లుగా చూస్తున్నాం గనుక, పెట్టుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడేవారి కోసం నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు మంచి చెప్పుకోవాలి. మేమిద్దరం ఉద్యోగస్తులమే. ఒకరిది ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీ. ఇంకొకరికి తెల్లవారక ముందే సైటు బస్సు. బాబుకు రెండేళ్లప్పుడు రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఆమె వచ్చింది. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక మేం "అక్కా" అన్నాం, బాబు "పెద్దమ్మా" అన్నాడు. గంటల లెక్కన వచ్చే మనిషి ఇల్లు తుడిచి పోగలదు గాని, అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే నుదుట తడిగుడ్డ వెయ్యలేదు కదా! అక్క వేసింది. ఎండ 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో స్కూలు బస్సు కోసం గొడుగు పట్టుకుని నిలబడింది. వాడికి తెలుగు వచ్చిందంటే సగం ఆమె చలవే. "ఏంది మా" అని రాయచోటి యాసలో అడుగుతాడు.

ఇక చెడు. రెండు పడకగదుల ఫ్లాటులో ఆలుమగలు గొంతెత్తి పోట్లాడుకోవడానికి కూడా వీల్లేదు. అకామా, విమానం టిక్కెట్టు, మందూ మాకూ అన్నీ మన ఖర్చే. దెబ్బ తగిలితే పిల్లవాడు మన దగ్గరికి రాకుండా వంటింట్లోకి పరుగెత్తుతాడు. మనసు చివుక్కుమంటుంది. అయినా ఇవన్నీ చిన్నవే. పెద్దది మాకు ఆలస్యంగా తెలిసింది.

అక్క బాబు గదిలో కింద పరుపు వేసుకుని పడుకునేది. తనకంటూ ఒక తలుపు లేదు. అందువల్ల పని ఎప్పుడు ముగిసిందో చెప్పే గుర్తూ లేదు. రాత్రి పదిన్నరకు ఎవరైనా వస్తే "అక్కా, కాస్త టీ" అనేవాళ్లం. శుక్రవారం మాకు సెలవు, ఇంట్లో విందు, ఆమెకు రెట్టింపు చాకిరీ. ఇంతా చేసి, "ఇంటి మనిషిలా చూసుకుంటున్నాం" అని చెప్పుకునేవాళ్లం.

2023లో అక్క కూతురికి నెలలు నిండాయి. "ఒక తూరి పోయొస్తా మా" అంది. "బాబు పరీక్షలు కానీ, రెండు వారాలేగా" అన్నాం. "సరే మా" అంది. కానుపు ముందే అయిపోయింది. మనవరాలి ముఖం మా వంటింట్లో నిలబడి ఫోనులో చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చపాతీలు వత్తింది.

ఆ రాత్రి బీరువా తీస్తే మా పాస్‌పోర్టుల కింద ఆమెదీ కనబడింది. వచ్చిన రోజే "మీకాడే బద్రంగా ఉంటాది" అని తనే ఇచ్చింది. వీసా, జీతం, పడక, పాస్‌పోర్టు నాలుగూ మా చేతుల్లో ఉన్నప్పుడు ఆమె నోట "సరే" తప్ప ఇంకేం వస్తుంది? 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను గల్ఫ్‌లో ఇంటి పనికి మన ప్రభుత్వం అనుమతించదు. అందుచేత వచ్చేవారిలో చాలామంది బిడ్డల్ని అక్కడ వదిలి వచ్చిన తల్లులే.

అప్పుడు గాని ఇక్కడి చట్టం సంగతి మేం కనుక్కోలేదు. 2015 నాటి 68వ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. మధ్యలో విశ్రాంతి, వారానికొక రోజు సెలవు, ఏటా జీతంతో సెలవు ఇవ్వాలి. పని మానేటప్పుడు ఏడాదికొక నెల జీతం చొప్పున కట్టివ్వాలి. ఆమె ఒప్పుకోనిదే పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండకూడదు. 2016లో నెలకు కనీసం 60 దీనార్లని జీతమూ నిర్ణయించారు. జీతం ఒక్కటీ ఎక్కువే ఇస్తున్నాం గనుక మిగతావి అడగక్కర్లేదనుకున్నాం.

పాస్‌పోర్టు, టిక్కెట్టు ఆమె చేతిలో పెట్టి పంపించాం. తిరిగి రాదేమోనని భయపడ్డాం. రాకపోయినా అనడానికి మాకు నోరు లేదు. నెలన్నరకు చెనిక్కాయ ఉండల డబ్బాతో వచ్చింది. ఈలోగా బాబు మంచం మా గదిలోకి మార్చి, ఆ గదికి లోపలి గడియ పెట్టించాం. రాత్రి ఎనిమిది తర్వాత వంటిల్లు మాది. మొదటి శుక్రవారం సెలవంటే "నేనేడికి పోవాల మా?" అని బిక్కమొహం వేసింది. ఇప్పుడు ఉదయమే చీర మార్చుకుని, తమ ఊరివాళ్లను కలవడానికి సిటీకి, మాలియాకు బయల్దేరుతుంది. ఆ పూట అంట్లు మేమే తోముకుంటాం. నడుం నొప్పి పుడుతుంది, నిజమే.

కాబట్టి మనిషిని పెట్టుకోబోయేవారు ముందు ఇల్లు ఒకసారి చూసుకోండి. ఆమెకొక తలుపు, వారానికొక రోజు, "ఇప్పుడు కుదరదు" అనే వీలు ఇవ్వగలిగితే పెట్టుకోండి. లేదంటే బిడ్డను డే కేర్‌లో చేర్చి తంటాలు పడటమే మేలు. మీ అనుభవాలు కూడా పత్రికకు రాయండి, మేమింకా నేర్చుకోవలసింది ఉంది.