టైరుకు అడ్డు, కాళ్లకు అండ

పికప్పుకు పెద్ద టైర్లు వేయాలంటే లోపలున్న ఉక్కు కడ్డీని తీసేయాలన్నారు. అది అక్కడ ఎందుకు ఉందన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలో పికప్పు ట్రక్కు కొన్నవాళ్లు దాన్ని కొన్నది కొన్నట్టు ఉంచుకోవడం అరుదు. మన దగ్గర కొత్త లారీకి కుచ్చులు, అద్దం మీద పిల్లల పేర్లు, వెనక దిష్టిబొమ్మ ఎలాగో టెక్సస్‌లో పికప్పుకు పెద్ద టైర్లు అలాగ. డాలస్‌కు ఉత్తరాన మేముండే వీధిలో నాది కాక మరో మూడు పికప్పులున్నాయి. మూడూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటికంటే ఎత్తు పెరిగినవే. అందులో ఒకటి ఎక్కాలంటే దాని యజమాని తల్లికి స్టూలు వేయాలి. వాటి పక్కన నా బండి, పెళ్లిపందిట్లోకి ఆఫీసు బట్టలతో వచ్చిన మనిషిలా ఉంటుంది.

అయితే నాకు పెద్ద టైర్ల మీద మనసు పడింది వీధిలో పరువు కోసం కాదు. మెక్సికో సరిహద్దున రియో గ్రాండ్ నది ఒడ్డున బిగ్ బెండ్ జాతీయ వనం ఉంది. అందులో బ్లాక్ గ్యాప్ అని ఓ మట్టి దారి. పేరుకు రోడ్డే గానీ దాన్ని ఎవరూ బాగు చేయరు. వాగులు దాటేచోట రాళ్లు కత్తుల్లా లేచి ఉంటాయి. నేలకూ బండి పొట్టకూ మధ్య ఎంత జాగా ఉంటే అంత నిశ్చింత. చలికాలంలో అక్కడ రెండు రాత్రులు చుక్కల కింద పడుకోవాలని నేనూ, పదిహేనేళ్లు నిండిన మా అమ్మాయీ అనుకున్నాం.

నా బండితో వచ్చిన టైరు కొలత 265/70 ఆర్ 17. అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు. లెక్కేస్తే టైరు మొత్తం ఎత్తు 31.6 అంగుళాలు. నా సైజు బళ్లకు చాలామంది వేయించుకునేది 285/70 ఆర్ 17. దాని ఎత్తు 32.7 అంగుళాలు. వాడుకలో ‘ముప్ఫైమూడు’ అనేస్తారు. తేడా అంగుళం పైచిలుకు. పైన సగం, కింద సగం పోగా టైరు అంచు ఏ దిక్కుకైనా జరిగేది 14 మిల్లీమీటర్లే. బొటనవేలి మందం కూడా ఉండదు. గొడవంతా ఆ 14 మిల్లీమీటర్ల దగ్గరే.

తిన్నగా పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే టైరు అంచు వెనక్కి వెళ్లి ఒరుసుకుంటుంది. ముందు ప్లాస్టిక్ లైనర్ తగులుతుంది. దాన్ని కాస్త కోసేయొచ్చు. దాని వెనకాల ఫ్రేముకు బిగించిన ఉక్కు కడ్డీ ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని ‘క్రాష్ బార్’ అంటారు. మనకు ఆ మాట వింటే మోటార్ సైకిల్ ఇంజన్‌కు చెరో పక్కన మెరిసే గొట్టాలు గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. బండి కింద దూరి చూస్తే తప్ప కనిపించదు. మెరవదు, అందంగా ఉండదు. కొన్ని బళ్లలో ఫ్రేముకే వెల్డింగ్ చేసేస్తారు. నా బండికి మాత్రం బోల్టులతో బిగించారు. అంటే విప్పడం తేలిక.

మా పేటలో మెకానిక్, మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన, టార్చిలైటు వేసి చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు. “గంటన్నర పని, అమిగో. ఎన్నో బళ్లకు తీశాను. ఒక్కరూ తిరిగొచ్చి ఫిర్యాదు చేయలేదు.”

ఫిర్యాదు చేయాల్సిన మనిషి తిరిగి రాగల స్థితిలో ఉండాలి కదా అనిపించింది. “మీ బండికి కూడా తీసేశారా?” అని అడిగాను. ఆయన నవ్వి తన పాత పికప్పు వైపు చూపించాడు. “అది 2006 బండి. దానికి ఉంటేగా తీయడానికి!”

నన్ను ఆలోచనలో పడేసింది ఆ జవాబే. కార్ల కంపెనీలు ఉక్కు విషయంలో పరమ పిసినార్లు. గ్రాములు తగ్గించడానికి ఇంజనీర్లకు జీతాలిస్తాయి. 2006లో లేని కడ్డీని అలాంటివాళ్లు తర్వాత తెచ్చి, అదీ ఎవరికీ కనిపించని చోట ఎందుకు పెట్టినట్టు?

జవాబు 2012లో ఉంది. బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ ఆ ఏడాది కొత్త పరీక్ష మొదలుపెట్టింది. బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కదలని అడ్డుగోడకు గుద్దిస్తారు. అయితే మొత్తం ముఖం తగలదు. డ్రైవరు వైపు మూల, వెడల్పులో 25 శాతం మాత్రమే తగులుతుంది. చెట్టుకో కరెంటు స్తంభానికో బండి మూల కొట్టుకోవడం, ఎదురుగా వచ్చే బండి మూలా మన బండి మూలా ఢీకొనడం లాంటి ప్రమాదాలకు ఇది నమూనా.

పికప్పులాంటి బండికి బలమంతా నిచ్చెనలాంటి ఫ్రేములో ఉంటుంది. ఆ నిచ్చెన రెండు నిలువు కమ్మీలూ చక్రాలకు లోపలి వైపున ఉంటాయి. మూల మాత్రమే గుద్దుకుంటే దెబ్బ ఆ కమ్మీలను తప్పించుకుని పక్కనుంచి దూసుకొస్తుంది. దారిలో దొరికేది మడ్‌గార్డు రేకు, ఆపైన చక్రం. చక్రం అమాంతం వెనక్కి వస్తుంది. దాని వెనకున్నవి డ్రైవరు పాదాలు. అంటే ప్రమాదంలో మన కాళ్లు విరగ్గొట్టేది ఎదుటి బండి కాదు, మన బండి చక్రమే.

కడ్డీ పని అప్పుడు మొదలవుతుంది. చక్రానికి ముందుండే కడ్డీ దెబ్బను ఫ్రేముకు అందిస్తుంది. వెనకుండే కడ్డీ చక్రాన్ని అక్కడే ఆపడమో పక్కకు తిప్పేయడమో చేస్తుంది. నా టైరు ఒరుసుకునేది ఆ కడ్డీకే అంటే ఆశ్చర్యం ఏముంది? చక్రం వెనక్కి వస్తే తగలాలనే దాన్ని అక్కడ పెట్టారు.

ఈ కడ్డీ ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అన్నదానికి 2015లోనే దాదాపు పక్కపక్కనే పెట్టి చూసినట్టు రుజువు దొరికింది. ఆ ఏడాది ఫోర్డ్ ఎఫ్-150 పికప్పు పెద్ద క్యాబిన్ రకాన్నీ, చిన్న క్యాబిన్ రకాన్నీ ఆ సంస్థ విడివిడిగా పరీక్షించింది. పెద్ద క్యాబిన్ బండికి కంపెనీ చక్రాన్ని అడ్డుకునే ఉక్కు గొట్టాలు పెట్టింది. చిన్న క్యాబిన్‌కు పెట్టలేదు. మొదటిదానికి అత్యుత్తమ రేటింగ్ వచ్చింది. రెండోది కింది నుంచి రెండో మెట్టున ఆగింది. అందులో డ్రైవరు కాళ్ల దగ్గరి పలక, బ్రేకు పెడలు 10 నుంచి 13 అంగుళాలు వెనక్కి చొచ్చుకొచ్చాయి. పేరు ఒకటే, తయారీదారు ఒకటే. మరుసటి ఏడాది మోడల్‌లో కంపెనీ రెండు రకాలకూ గొట్టాలు పెట్టింది. చిన్న క్యాబిన్ రేటింగ్ కూడా పైకి లేచింది.

అంతా చదివాక కూడా ఓ ఆశ మిగిలింది. తీసేయడం సరే, బదులుగా వేరేది పెట్టుకోవచ్చు కదా? అవీ అమ్ముతారు. సన్నటి గొట్టాన్ని వంచి, నల్లరంగు వేసి, అవే బోల్టులకు సరిపోయేలా చేసినవి. చూడటానికి కంపెనీ కడ్డీ కంటే ముచ్చటగా ఉన్నాయి. ఉక్కు మందం రాశారు, వెల్డింగ్ గొప్పతనం రాశారు. నేను చూసిన వాటిలో ఒక్కదానికీ ఆ 64 కిలోమీటర్ల పరీక్ష ఫలితం లేదు. మందమే బలమనుకోవడం తేలిక. కానీ ఈ కడ్డీ విషయంలో ఎంత గట్టిదన్నది ఒక్కటే కాదు, ఎక్కడ వంగాలి, ఎప్పుడు వంగాలి, చక్రాన్ని ఎటు తోయాలి అన్నదీ లెక్కే. టైరుకు చోటిచ్చేలా దాని ఆకారం మార్చారంటే ఆ లెక్క మార్చినట్టే. బండికి వచ్చిన రేటింగ్ పాత కడ్డీతో ఉన్న బండిది. కొత్త కడ్డీతో ఉన్న బండిని ఎవరూ గుద్ది చూడలేదు.

మరి చట్టం ఏమంటుంది? అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం భద్రతా ప్రమాణాల కోసం అమర్చిన పరికరాన్ని డీలరు గానీ, మరమ్మతు షాపు గానీ తెలిసి పనికిరాకుండా చేయకూడదు. యజమాని తన బండికి తానే చేసుకుంటే ఆ నిషేధం వర్తించదు. పైగా ఈ 25 శాతం పరీక్ష ప్రభుత్వ ప్రమాణం కాదు, బీమా సంస్థలది. అంటే ఈ కడ్డీ చట్టం భయంతో పుట్టింది కాదు. రేటింగ్ చూసి బండి కొనేవాళ్ల కోసం పుట్టింది. దాన్ని కాపాడాల్సింది కూడా వాళ్లే.

ఒంగోలులో ఉన్న మా బావమరిదికి ఫోన్‌లో ఇదంతా చెబితే పకపకా నవ్వాడు. “బావా, మీరక్కడ లోపలున్నది తీసేస్తామంటారు. మేమిక్కడ బయట లేనిది తగిలిస్తాం!” నిజమే. మన దగ్గర ఎస్‌యూవీ కొనగానే ముందు బంపర్‌కు ఇనుప గార్డు బిగించడం ఆనవాయితీ. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ గార్డు దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది. బండి ముందు భాగం మెల్లగా నలిగి దెబ్బను మింగే ఏర్పాటును చెడగొడుతుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల అంచనాను తప్పించగలదు. రోడ్డు దాటే మనిషికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు. మా బావమరిది గార్డు ఇంకా షెడ్డులో ఉంది. పారేయడానికి మనసు రాలేదట.

ఇక్కడా అక్కడా జరిగేది ఒకటే. కంటికి కనిపించే ఇనుము మనకు ధైర్యమిస్తుంది. కనిపించని ఇనుము అడ్డంగా తోస్తుంది. మనమేమో కనిపించేదాన్ని తగిలించి, కనిపించనిదాన్ని విప్పేస్తాం.

అలాగని టైరు ఒరుసుకుంటున్నా ఫర్వాలేదనుకుని తిరగడమూ కుదరదు. రాళ్ల దారిలో బండి ఓ పక్కకు ఒరిగి, స్ప్రింగు అణిగి, స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు రబ్బరు ఉక్కుకు రాసుకుంటే పక్కగోడ చీలుతుంది. అందుకే కడ్డీని వదిలేసి టైరు గురించే ఆలోచించాను. దొరికిన దారి 255/75 ఆర్ 17. జీప్ రాంగ్లర్ రూబికాన్ ఓ తరం మోడల్‌కు కంపెనీ వేసిన కొలతే ఇది. ఎత్తు 32 అంగుళాలు. పాతదాని కంటే వెడల్పు 10 మిల్లీమీటర్లు తక్కువ. అంచు జరిగేది 6 మిల్లీమీటర్ల లోపే. అలైన్‌మెంట్‌లో చక్రాన్ని వీలైనంత ముందుకు జరిపించాను. లైనర్ అంచు కొంచెం కోయించాను. స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పినా చప్పుడు లేదు. కడ్డీ, దాని బోల్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నేలకు దూరం పెరిగింది ఆరు మిల్లీమీటర్లేనా అని మీరడగొచ్చు. అంతే. మిగతాది టైరులో గాలి తగ్గించి, మెల్లగా నడిపి, అవసరమైన చోట దిగి చూసి సర్దుకున్నాం. బ్లాక్ గ్యాప్‌లో ఒకచోట మా అమ్మాయి ముందు నడుస్తూ “నాన్నా, ఎడమకి... ఇంకా ఎడమకి” అని దారి చూపించింది. ఓ వాగు దగ్గర ఇద్దరం పావుగంట రాళ్లు పేర్చాం. వీధిలో మాత్రం నా బండి ఇంకా ఆఫీసు బట్టల్లోనే ఉంది.

ఆ అమ్మాయికి ఇప్పుడు లెర్నర్ లైసెన్సు వచ్చింది. టెక్సస్‌లో పదిహేనేళ్లకే ఇస్తారు. డ్రైవరు సీట్లో ఆమె, పక్కన నేను. చక్రం వెనక ఎవరి పాదాలుంటాయో నాకిప్పుడు బాగా తెలుసు.

ఇంకొకరి సంగతి కూడా ఉంది. ఈ బండిని ఏదో ఒకరోజు అమ్ముతాను. కొనేవాళ్లు టైర్లు చూస్తారు, రంగు చూస్తారు, ఎన్ని మైళ్లు తిరిగిందో చూస్తారు. లైనర్ వెనక కడ్డీ ఉందా లేదా అని ఎవరూ చూడరు. టెక్సస్‌లో సొంత బళ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీని కూడా 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. రేటింగ్ చూసి, పిల్లల్ని ఎక్కించుకుని వాళ్లు వెళ్లిపోతారు. ఆ రేటింగ్‌లో ఓ ముక్క నా షెడ్డులో తుప్పు పడుతూ ఉండకూడదు.