అస్తరు

మేం పటమటలో మూడు తరాలుగా కుట్టు మిషను మీద బతికినవాళ్లం. అంతకుముందు దూది ఏకాం, పరుపులు కుట్టాం. ఊళ్లో దూదేకులోళ్లు అంటారు, కాగితాల్లో నూర్‌బాషా అని రాస్తారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మని అమ్మ అనే పిలుస్తాం. మసీదుకి వెళ్తే "ఉర్దూ రాదు, మీరేం ముసల్మానులు?" అంటారు. బజార్లోకి వస్తే "మీరు ముస్లింలా? అలా కనపడరే!" అంటారు. మొదటి మాట అవమానం. రెండో మాట మెచ్చుకోలు అనుకుని అంటారు. మాకు రెండూ ఒకలాగే తగుల్తాయి.

మా ఇంటి పిల్ల డిజైన్ చదువుతానంది. ఇంజనీరింగు, డాక్టరీ తప్ప వేరే చదువుందని నమ్మని ఊరు మాది. హైదరాబాదులో నిఫ్ట్ 1995లోనే వచ్చింది. నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో 2015లో ఎన్‌ఐడి మొదలైంది. ఆ పేర్లు బందరు రోడ్డు దాటి మా సందులోకి రావడానికి ఏళ్లు పట్టింది. పిల్లకి వేరేచోట ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. బంధువుల్లో ఒక పెద్దాయన "ఆడపిల్లకి ఫ్యాషనేంటి? బొమ్మలు గీయడం హరాం కాదా?" అన్నాడు. మేం నోరెత్తలేదు. మాకూ లోపల భయమే. నాన్నమ్మే అంది: "మీ తాత కుట్టిన రవికెలు ఊరంతా తొడిగింది. ఆ డబ్బుతో నువ్వు కూడా మా ఇంట్లో సేమ్యా తాగావు. అప్పుడు లేని హరాం ఇప్పుడెక్కణ్నించి వచ్చింది?"

గ్రాఫిక్, టెక్స్‌టైల్, ఫ్యాషన్ అని మూడు దారులున్నాయంది పిల్ల. విని నవ్వుకున్నాం. ఆ మూడూ మా గడప ముందువే. మా మేనమామ ఆటోనగర్‌లో లారీల మీద అక్షరాలు రాసేవాడు. స్కేలు పెట్టకుండా ఒక్క ఊపున గీత లాగేవాడు. ఫ్లెక్సులు వచ్చాక ఆ కుంచె అటకెక్కింది. బందరు దాకా వెళ్తే, ఆ పక్కనే పెడనలో కలంకారీ అద్దకం. ఇంట్లో నాన్న కత్తెర. కాలేజీలో సెమిస్టరంతా కాగితం మీద గీయించిన కొలతల్ని నాన్న సుద్దముక్కతో నేరుగా గుడ్డ మీదే గీసేస్తాడు. అక్కడ దాన్ని పాటర్న్ మేకింగ్ అంటారట. నాన్న దాన్ని పని అంటాడు.

మొదటి ఏడాది "మీ ఇంటి గుడ్డ తెచ్చి మీరెవరో చెప్పండి" అన్నారట. తోటి పిల్లలు అమ్మమ్మల కంచిపట్టు చీరలు తెచ్చారు. మా పిల్ల బొంత తీసుకెళ్లింది. షాపులో మిగిలిన కట్‌పీసులన్నీ కలిపి నాన్నమ్మ కుట్టిన బొంత. చూసినాయన "ఇందులో మీ ఐడెంటిటీ ఏదమ్మా? నెలవంక, కమాను, జాలీ... అలాంటిదేదైనా తేవాల్సింది" అన్నాడట. మా ఇంట్లో కమాను ఎక్కడుంది? రేకుల కప్పు ఉంది. ఊళ్లో వాళ్ల గుడ్డలన్నిట్లోంచీ తలా ఒక ముక్క కలిసిన ఆ బొంత కంటే మా గుర్తింపు ఇంకేముంటుంది? ఆ రాత్రి పిల్ల ఫోనులో ఏడ్చింది, వచ్చేస్తానంది. నాన్న ఒక్క మాటే అన్నాడు: "ఫీజు కట్టింది ఏడవడానికి కాదు."

తర్వాత కలంకారీ పాఠం వచ్చింది. శ్రీకాళహస్తిది మన సంప్రదాయం, బందరుది బయటి ప్రభావం అని తెర మీద రెండు గడులు గీసి చూపించారట. ఈసారి పిల్ల లేచి అడిగింది: "కలం, కారీ, ఈ రెండూ పర్షియా దారిలో వచ్చిన మాటలే కదండీ? పేరే బయటిదైతే లోపలిది ఏది?"

సెలవుల్లో పిల్లతో పాటు మేమూ పెడన వెళ్లాం. గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండబెడతారు. రంగు పాకకుండా ఆ పాలు ఆపుతాయి. నలుపుకి తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. ఎరుపు రావాల్సిన చోట టేకు అచ్చుతో పటిక అద్దుతారు. పారే నీళ్లలో జాడించి రంగు నీళ్లలో ఉడికిస్తే పటిక తగిలినంత మేరా ఎరుపు పట్టుకుంటుంది. ఒకప్పుడు ఈ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం వైపు ఇసుకనేలల్లో దొరికే వేరుకి పేరుండేది. 1868లో జర్మనీవాళ్లు అదే ఎరుపుని ప్రయోగశాలలో తయారుచేశాక వేళ్ల రంగుల బేరం దెబ్బతింది.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవులో పర్షియా వర్తకులు కొన్నది ఇలాంటి గుడ్డలే. 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ గిడ్డంగి తెరిచారు. మన దేశపు అద్దకం గుడ్డల ధాటికి తట్టుకోలేక 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు నిషేధాలు పెట్టుకున్నాయి. కలంకారీ ముస్లింల సొత్తని మేం అనడం లేదు. నేసింది సాలెలు. అద్దిన చేతులు ఎన్నో కులాలవి. తీగలో, సరుగుచెట్టులో, బాదంకాయలో మా వాళ్ల రుచీ ఉందంటున్నాం. ఇంటివాళ్లని చుట్టాల లెక్కలో రాయొద్దంటున్నాం.

నాన్న షాపులో మాటలు వినండి. దర్జీ, గజం, జేబు, జరీ, రఫూ, అస్తరు. ఇవన్నీ అరబ్బీ, పార్సీల నుంచి వచ్చి తెలుగైపోయాయి. పంజాబీ డ్రెస్సు అని విజయవాడ ఆడపిల్లలంతా తొడుక్కునేది సల్వారు, కమీజులే. వాటిని ఏ గేటు దగ్గరా ఆపలేదు. 2022లో కర్ణాటకలో తలమీది గుడ్డ కోసం పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. ఆ వారం మా పిల్ల క్లాసులో ఎవరో అడిగారట, "నువ్వూ వేసుకుంటావా?" అని. మా ఇంట్లో ఎవరూ వేసుకోరు. అయినా ఆ పిల్ల "వేసుకోను" అని చెప్పలేదు. చెప్తే, వేసుకునేవాళ్లని వదిలేసి తను తప్పుకున్నట్టు అవుతుందనిపించిందట. మాకు అప్పుడర్థమైంది, పిల్ల చదువుతోందని.

చివరి ఏడాది ఒక కమీజు కుట్టింది. పైకి సాదా మంగళగిరి నూలు, ఏ బొమ్మా లేదు. లోపల అస్తరు మాత్రం పెడన అద్దకం. చూడ్డానికి వచ్చినవాళ్లు పైపైన చూసి వెళ్లబోతుంటే కమీజుని తిరగేసి పట్టుకుందట. అస్తరు మీద, మెడ దగ్గర, దారంతో నాన్న షాపు పేరు కుట్టి ఉంది.

మార్కులు మధ్యస్తంగా వచ్చాయి. ప్రదర్శనకి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కమీజుని వేళ్ల మధ్య నలిపి, తిరగేసి, చాలాసేపు చూశాడు. "చంక దగ్గర కుట్టు సరిగా పడలేదు" అన్నాడు. తర్వాత అంచు పట్టుకుని వదల్లేదు.

అస్తరు పైకి కనపడదు. అది లేకపోతే పైగుడ్డ నిలవదని కుట్టేవాళ్లకి తెలుసు. వేసుకునేవాళ్లకీ తెలియాలనే ఇదంతా రాశాం.