రాత్రి పదింటి ఆట

పూల్ ఆటను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. బట్ట పరిచిన బల్ల, ఆరు జేబులు, రంగు బంతులు, చేతిలో పొడవాటి కర్ర. చూసేవారికి ఇది ఒళ్లు అలవని ఆటలా కనిపిస్తుంది. మా అమ్మ దీన్ని ‘నిలబడి ఆడే పేకాట’ అనేది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

అప్పట్లో నేను ఒక టోకు దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. రోజంతా కూర్చునే పని. సాయంత్రం రెండు గంటలు పూల్ ఆడేవాణ్ణి. గురి బాగుందని అందరూ అంటుంటే ధైర్యం వచ్చి, హైదరాబాదులో జరిగిన ఒక పోటీకి పేరిచ్చాను. ప్రవేశ రుసుముకు చెల్లెలి దగ్గర అప్పు చేశాను.

పోటీలో 32 మందిమి. రెండుసార్లు ఓడినవారే బయటికి వెళ్లాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించండి. ఒక్కసారీ ఓడనివాడు 6 ఆటలు గెలిస్తే విజేత. మొదటి ఆటలోనే ఓడినవాడు విజేత కావాలంటే ఆ తరువాత వరుసగా 10 ఆటలు గెలవాలి. అంటే ఓడినవాడికే ఎక్కువ ఓపిక కావాలన్నమాట!

నేను ఉదయం పదింటికే ఓడాను. ఆ తరువాత అయిదు గెలిచాను. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాను. నిద్ర ఆపుకోవడానికి టీ మీద టీ తాగాను గాని, మంచినీళ్లు తాగాలని తోచలేదు. ఏడో ఆట చివరికి వచ్చేసరికి రాత్రి పది దాటింది. తొమ్మిదో బంతి పడితే ఆట నాది. బంతి జేబుకు ఎదురుగానే ఉంది. ఈ ఆటలో గడ్డం కర్రకు తగిలేటంతగా వంగి గురి చూడాలి. నడుము పట్టేసి, నాకు తెలియకుండానే సగమే వంగాను. బంతి జేబు అంచుకు కొట్టుకుని ఆగిపోయింది.

దురదృష్టం అనుకున్నాను. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం, “నీ చెయ్యి బాగానే ఉంది బాబూ, కాళ్లే అయిపోయాయి” అన్నారు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి, రెండో అంతస్తు మెట్ల మీద కూలబడ్డాను. అప్పుడు ఆయన మాట అర్థమైంది.

మీరే లెక్కవేయండి. తొమ్మిదడుగుల బల్ల చుట్టూ ఒకసారి తిరిగితే సుమారు 12 మీటర్లు. వంద చుట్లంటే కిలోమీటరు దాటింది. దానికితోడు ప్రతి దెబ్బకూ వంగడం, లేవడం. 1996లో హాంకాంగులో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్, అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ మూడు రోజులపాటు ఆడారు. ముందుగా 120 గెలిచినవారిదే పందెం. చివరికి రేయెస్ 120–117తో గెలిచాడు. మూడో రోజున కూడా వాళ్ల నడుములు ఎలా వంగాయో!

మర్నాటి నుంచి నడక మొదలుపెట్టాను. మొదట ఇరవై నిమిషాలు, మూడో నెలకు గంట. చిన్నప్పుడు బడిలో గోడకుర్చీ వేయించేవారు, గుర్తుందా? ఆ శిక్షనే నాకు నేను వేసుకున్నాను. మొదటిరోజు అర నిమిషానికే తొడలు వణికాయి. తరువాత గుంజీళ్లు, నడుము కోసం మోచేతుల మీద ఒంటిని పలకలా నిలిపి ఉంచడం. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇవి చేయవద్దు.

వీటన్నింటికన్నా కష్టమైంది ఖాళీ సమయం. పోటీలో ఒక ఆటకూ మరో ఆటకూ మధ్య గంటో రెండు గంటలో కూర్చోవాలి. అంతలో ఒళ్లు బిగుసుకుపోతుంది. అందుకని ఆదివారాలు ఉదయం నుంచి రాత్రి దాకా, మధ్యమధ్య కావాలనే ఆగుతూ ఆడాను. ఆగినప్పుడల్లా నాలుగడుగులు నడిచేవాణ్ణి. బిర్యానీ మానేసి పెరుగన్నం, అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకువెళ్లాను. (టీ పూర్తిగా మానలేకపోయాను, అది వేరే సంగతి.)

మరుసటి ఏడు అదే పోటీలో నాలుగో స్థానం వచ్చింది. చివరి ఆట పదకొండింటికి ఓడాను. నా కాళ్లు వణకలేదు, ఎదుటివాడు నాకన్నా బాగా ఆడాడు. వచ్చిన డబ్బుతో చెల్లెలి అప్పు తీరింది. ఆ రాత్రి మెట్లెక్కి తలుపు తట్టగానే అమ్మ, “ఓడావా?” అని అడిగింది. “ఓడాను, ఆకలేస్తోంది” అన్నాను.