ఇంట్లో తెలీదు

వెబ్‌సైట్లు కట్టిపెట్టి బతికే ఫ్రీలాన్సర్లలో నేనొకణ్ణి. తోటివాళ్ళ ప్రొఫైళ్ళు చదవడం నాకో అలవాటు, పుస్తకం కొనేముందు వెనక అట్ట చదివినట్టు. 2018కి ముందు వాటిల్లో వర్డ్‌ప్రెస్, షాపిఫై, లోగో డిజైన్ లాంటివి ఉండేవి. ఆ ఏడాది మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అమల్లోకి వచ్చింది. పెద్ద ఉల్లంఘనలకి 2 కోట్ల యూరోలు గానీ, కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా వెయ్యొచ్చని అందులో ఉంది. క్లయింటు బెర్లిన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటే హైదరాబాద్‌లో కూర్చున్న మాకూ ఆ భయం అంటుకుంటుంది. దాంతో ప్రొఫైళ్ళలో ఓ కొత్త లైను చేరింది. ‘ఇచ్చట సైకిళ్ళు అద్దెకివ్వబడును’ తరహాలో, ఇచ్చట డేటా ప్రైవసీ కంప్లయన్స్ చేసిపెట్టబడును. ఈమధ్య దాని పక్కనే మన డీపీడీపీ చట్టం పేరు కూడా కనిపిస్తోంది.

ఈ సేవలో ఏముంటుందని అడిగితే, మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి మూడు. ఒక కుకీ బేనరు, ఒక ప్రైవసీ పాలసీ పేజీ, ఫుటర్‌లో ఒక బ్యాడ్జి. ఒక పూట పని. పాలసీ సాధారణంగా ఇంకెక్కడినుంచో వస్తుంది. గోదావరి జిల్లాల పచ్చళ్ళ వ్యాపారి ఒకాయన సైట్లో, వివాదాలన్నీ కాలిఫోర్నియా కోర్టుల పరిధిలోకి వస్తాయని చదివాను. ఆవకాయ సీసా పగిలి వచ్చిందని కాకినాడ కస్టమరు కేసు వెయ్యాలంటే ముందు వీసా తీసుకోవాలి.

బేనరు సంగతి ఇంకా బావుంటుంది. అది నిజమైనదో కాదో తెలుసుకోడానికి కోర్టులక్కర్లేదు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే చాలు. బేనరు ఇంకా ‘ఒప్పుకుంటారా’ అని అడుగుతూనే ఉంటుంది, వెనక యాడ్ కంపెనీల స్క్రిప్టులు అప్పటికే దిగిపోయి ఉంటాయి. వీధి గుమ్మంలో ఒకడు నిలబడి ‘లోపలికి రావచ్చాండీ’ అని మర్యాదగా అడుగుతుంటే, వాడి తమ్ముడు పెరటి గోడ దూకొచ్చి వంటింట్లో పీట వేసుక్కూర్చున్నట్టు.

ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని ఒప్పుకోలుగా లెక్కెయ్యడం కుదరదని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2019 అక్టోబరులో తేల్చింది. కుకీలు ఒప్పుకోడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి మాత్రం అనేక నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ డేటా నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు ప్రకటించింది. అంటే ‘వద్దు’ అనడం ‘సరే’ అన్నంత తేలిగ్గా ఉండాలి. మొహమాటం మీద నడిచే మనలాంటి సమాజానికి ఇది చాలా పెద్ద ఆలోచన.

నాకు అన్నిటికన్నా నచ్చిన కేసు అదే నెలలో మ్యూనిక్ కోర్టులో తేలిన చిన్న కేసు. ఒక సైటు గూగుల్ ఫాంట్స్‌ని నేరుగా గూగుల్ సర్వర్ల నుంచి తెచ్చుకుంటోంది. అలా తెచ్చుకున్న ప్రతిసారీ సైటుకొచ్చిన మనిషి ఐపీ అడ్రస్ గూగుల్‌కి చేరుతుంది. అడక్కుండా ఇలా పంపడం తప్పని కోర్టు ఆ మనిషికి 100 యూరోలు ఇప్పించింది. తెలుగు సైట్లు కట్టేవాళ్ళకి ఇది దగ్గరి విషయం. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు లిపి ఎంచుకుంటే పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ వరసగా కనబడతారు. రాయలవారి కొలువులో సగం మంది అక్కడే ఉన్నట్టుంటుంది. మనం ఒక కవిత చదువుకుందామని పేజీ తెరుస్తాం. ఫలానా ఐపీ నుంచి ఫలానా సమయానికి ఒకరొచ్చారని పెద్దన వెళ్ళి కాలిఫోర్నియాలో చెప్పి వస్తాడు. దీనికి విరుగుడు అరగంట పని. ఫాంటు ఫైలు దించుకుని మన సర్వర్‌లోనే పెట్టుకోవాలి. కానీ ఆ అరగంట పని ఎవరికీ కనిపించదు. బేనరు కనిపిస్తుంది.

కనిపించేదానికే డబ్బులిస్తారు. ఈ వ్యాపారంలో అసలు చిక్కు అదే.

మన దేశానికొస్తే, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు చాలావరకు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. డేటాకి తగిన భద్రత లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. సహజంగానే క్లయింట్లు ఈ ఒక్క అంకే విని ఫోన్ చేస్తారు.

అలా ఫోన్ చేసినవాటిలో కోస్తాలోని ఒక సంతాన సాఫల్య కేంద్రం ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే ఈ వ్యాసం రాసి లాభం లేదు.

"ఆ బేనరేదో పెట్టేసి, సర్టిఫికెట్ ఒకటి ఇచ్చెయ్యండి సార్. మిగతాది మేం చూసుకుంటాం," అన్నారు మేనేజరు గారు.

నేనిచ్చే సర్టిఫికెట్టుకి విలువ లేదనీ, మాతో ఎలాంటి అగ్రిమెంట్ రాసుకున్నా చట్టం ముందు జవాబు చెప్పాల్సింది వాళ్ళేననీ చెప్పాను. చట్టం వాళ్ళని ‘డేటా ఫిడ్యూషియరీ’ అంటుంది. దీనికి తెలుగులో మంచి మాట ధర్మకర్త. గుడి మాన్యాన్ని చూసుకునేవాడే తప్ప, అది తనదనుకునే హక్కు లేనివాడు. మేనేజరు గారు కాసేపు ఆలోచించి, "అయితే ఓసారి చూడండి," అన్నారు.

చూశాను. అపాయింట్‌మెంట్ ఫారమ్‌లో 11 గడులు. పేరు, వయసు, ఫోన్, ఈమెయిల్, చిరునామా, భర్త పేరు, భర్త ఫోన్, పెళ్ళయి ఎన్నేళ్ళు, గర్భస్రావాలెన్ని, ఇంతకుముందు చేయించుకున్న వైద్యం, చివర్న ‘మీ సందేశం’. సందేశం తప్ప అన్నీ తప్పనిసరే. భర్త ఫోన్ ఇవ్వకపోతే ఎర్ర అక్షరాలతో తిడుతుంది. నింపిన ప్రతి ఫారమూ ఊళ్ళోని యాడ్ ఏజెన్సీకి కూడా మెయిల్లో వెళుతోంది. వాళ్ళకి అవి ‘లీడ్స్’. ఇదిగాక, ఫారమ్ పంపాక వచ్చే ‘ధన్యవాదాలు’ పేజీలో ఒక యాడ్ కంపెనీ పిక్సెల్ ఉంది. పిక్సెల్ అంటే కంటికి కనబడని చిన్న కోడు. ఈ బ్రౌజర్ వాడే మనిషి ఈ రోజు ఈ పేజీకి వచ్చిందని యాడ్ కంపెనీకి చెప్పడం దాని పని. ఆ పేజీ పేరులోనే వైద్యం పేరుంది. ఆ తర్వాత ఆ ఫోన్‌లో ఎవరు ఏం చూస్తున్నా మధ్యలో సంతాన సాఫల్యం ప్రకటనలు రావచ్చు. ఇంట్లో అందరూ ఒకే ఫోన్ వాడుకునే చోట అది ఎంత మాటో చెప్పక్కర్లేదు.

ఫారమ్ సరిగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి డేటాబేస్ తెరిస్తే ‘మీ సందేశం’ వరస కనబడింది. ఎవరి కథా ఇక్కడ చెప్పను. ఒక్కరి మాట కాదు, చాలామంది రాసింది కాబట్టి ఒక మాట మాత్రం చెప్తాను. తెలుగులో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, రకరకాల స్పెల్లింగులతో అక్కడ మళ్ళీ మళ్ళీ కనిపించిన మాట: ‘ఇంట్లో తెలీదు’. ఇంట్లో తెలీదు, 11 తర్వాత చెయ్యండి. ఇంట్లో తెలీదు, వాట్సాప్ పెట్టకండి.

గోప్యత అనేది పాశ్చాత్యుల గొడవ, మన ఉమ్మడి కుటుంబాల్లో అలాంటివి లేవు అని క్లయింట్లే కాదు, చదువుకున్న మిత్రులు కూడా అంటూంటారు. మనకి గుట్టు అనే మాట ఉందిగా అని నేను జవాబు చెప్పేవాణ్ణి. ఇంటి గుట్టు లంకకు చేటు అనే సామెత ఉండనే ఉంది. ఆ వరస చూశాక ఆ జవాబు సరిపోదనిపించింది. గుట్టు ఇంటిది. ఇంటి విషయం వీధిలోకి పోకూడదని దాని అర్థం. ఇక్కడ రాసినవాళ్ళు దాస్తున్నది వీధి నుంచి కాదు, ఇంటి నుంచే. సామెతలో వాళ్ళకి చోటు లేదు. మన కొత్త చట్టంలో మాత్రం ఒక చిత్రమైన విషయముంది. వ్యక్తి గురించి చెప్పాల్సిన చోట ‘అతడు’ అనకుండా ‘ఆమె’ అని రాశారు. ఆడా మగా ఎవరైనా ఆ మాటలోకే వస్తారని నిర్వచనం ఇచ్చారు. మామూలుగా చదివితే అదొక మర్యాద అనిపిస్తుంది. ఈ ఫారమ్ పక్కన పెట్టుకుని చదివితే అక్షరాలా ఆవిడే.

6వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఇచ్చారు. ఆన్‌లైన్‌లో వైద్యం చేసే యాప్ ఒకటి, ఫోన్‌లోని కాంటాక్టులన్నీ చూడ్డానికి కూడా అనుమతి అడుగుతుంది. ఆమె సరేనంటుంది. అయినా ఆ సరేకి విలువ లేదు, ఎందుకంటే వైద్యానికి కాంటాక్టులతో పనిలేదు. ఈ పేరా తెలుగులో చెప్పి, అపాయింట్‌మెంటుకి భర్త ఫోన్ ఎందుకని డాక్టరు గారిని అడిగాను.

"వైద్యం మొదలుపెట్టేప్పుడు ఇద్దరి సంతకాలూ ఎలాగూ తీసుకుంటాం బాబూ. అపాయింట్‌మెంటుకి ఆవిడ నంబరు చాలు. ఇవన్నీ ఎవరు పెట్టారు అసలు?" అన్నారావిడ.

ఎవరూ పెట్టలేదు. పాత డెవలపరు ఎక్కడిదో టెంప్లేట్ తెచ్చాడు, ఏజెన్సీ రెండు గడులు చేర్చమంది, అంతే. పేరు, ఫోన్, సందేశం ఉంచి మిగతా ఎనిమిదీ తీసేశాం. ధన్యవాదాల పేజీలో పిక్సెల్ తీసేశాం. ఏజెన్సీకి మెయిళ్ళు ఆపేశాం. దానికి మాత్రం వారం రోజులు వాదన నడిచింది.

ఇక నోటీసు. ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేన్లో గానీ దాన్ని చదువుకునే వీలు ఇవ్వాలని చట్టం అంటోంది. అంటే తెలుగులో రాయాలి. నేను మొదట రాసింది ‘సమ్మతి’, ‘వ్యక్తిగత దత్తాంశం’ వగైరాలతో మొదలైంది. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిని చదవమన్నాను. "సమ్మతి అంటే పెళ్ళికి ఒప్పుకోవడం కదా సార్?" అంది. ఆ తర్వాత ముగ్గురం కూర్చుని రాసిన నోటీసు ఇది:

‘మీ పేరూ ఫోన్ నంబరూ అపాయింట్‌మెంట్ ఇవ్వడానికి మాత్రమే అడుగుతున్నాం. మా రిసెప్షన్‌లో ఇద్దరు, డాక్టరు గారు తప్ప వేరెవరూ చూడరు. మీరు రాకపోతే 90 రోజుల తర్వాత తీసేస్తాం. ముందే తీసెయ్యాలంటే ఈ నంబరుకి చెప్పండి. కారణం అడగం. మీకు సమాధానం నచ్చకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకి ఫిర్యాదు చెయ్యొచ్చు, దాని లింకు కింద ఉంది.’

‘కారణం అడగం’ అన్నది డాక్టరు గారి వాక్యం. చట్టంలో దాన్ని ఒప్పుకోలు వెనక్కి తీసుకునే హక్కు అంటారు. నేను రాస్తే మూడు లైన్లయ్యేది.

బిల్లు చూసి మేనేజరు గారు, "తీసేసినదానికి కూడా డబ్బులా సార్?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. గోడ కడితే కూలీ ఇస్తాం, గోడ పడగొట్టినా ఇస్తాం కదండీ అన్నాను. ఒప్పుకున్నారో లేదో గానీ, కొంత తగ్గించి ఇచ్చారు. తోటి ఫ్రీలాన్సర్లకి నేను చెప్పేది ఒకటే. కంప్లయన్స్ అని రాసుకుంటున్నాం కాబట్టి, ఏం పెట్టామో కాకుండా ఏం తీసేశామో బిల్లులో విడిగా రాద్దాం. చదివి చదివి క్లయింట్లకీ అలవాటవుతుంది.

పని అయిపోయిందనుకున్నాక రిసెప్షన్ అమ్మాయి ఆగమంది. "ఇంకో గడి పెట్టండి సార్. ఏ టైముకి ఫోన్ చెయ్యాలో అడిగితే సరిపోదు. ఫోన్ వేరేవాళ్ళు ఎత్తితే ఏం చెప్పమంటారో కూడా అడగండి. మేమైతే బట్టల షాపు నించి, మీ బ్లౌజు కుట్టడం అయిపోయింది అని చెప్తుంటాం."

ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నారని అడిగాను. చేరినప్పట్నుంచీ అంది. ఆమె చేరి ఆరేళ్ళయింది. అప్పటికి మన చట్టం రాలేదు.

రెండు గడులూ పెట్టాను. రెండూ తప్పనిసరి కాదు.